తొంభై అయిదు డిగ్రీలు

ఆలకూరపాడు పొలాల్లో రాత్రి రెండు దాటింది.
బ్యారన్ గోడకు వీపులానించి నేనూ, మా మాల్యాద్రీ.
సరుగుడు మొద్దొకటి పొయ్యిలోకి తోసి
అద్దంలోంచి టార్చి వేసి చూస్తాను.
కర్రలకు వేలాడే ఆకు
ఇంకా పచ్చదనం వదలలేదు.

మూడు వారాలుగా వీడు నోరు విప్పడం లేదు.
విప్పితే గొంతు రెండుగా చీలుతుంది,
ఒక ముక్క వీడిది,
ఒక ముక్క ఎవరో ముక్కూమొహం తెలియని మనిషిది.
బళ్ళో పద్యం అప్పజెబుతుంటే
మూడో పాదం దగ్గర కీచుమందట.
ఆ రోజు నుంచి హాజరుకి చెయ్యెత్తుతాడే గాని పలకడు.

"నువ్వే మాట్లాడు,
మగపిల్లోడి సంగతి నాకేం తెలుసు" అంది వాళ్ళమ్మ.
నాకు మాత్రం ఏం తెలుసు?
నా పెదవి మీద నూగు చూసి మా మేనమామ
"మీసమొచ్చిందిరోయ్, ఇంక వీణ్ణి కూలికి పంపొచ్చు" అన్నాడు.
నాకందిన చదువు అదొక్కటే.
నా ఒళ్ళు నాకే కొత్తయిపోతే
ఏదో రోగమనుకుని
సింగరకొండ అంజనేయుడికి మొక్కుకున్నాను.
రెండేళ్ళు, ఎవరికీ చెప్పకుండా.
ఆ కొబ్బరికాయ ఇంకా బాకీ.

"అబయా, వేడి ఎంతుంది?"
"తొంభై అయిదు."
కీచు.
నేను నవ్వలేదు.
"మంట ఎగదోద్దామా?"
"ఒద్దు నాన్నా, ఆకు పచ్చిమీదే ఎండిపోద్ది."
"మరెప్పుడు?"
"రంగు తిరిగినాక."
పుట్టినప్పటి నుంచీ ఈ పొయ్యిల పక్కన పెరిగినోడు,
వాడికి తెలియనిదేముంది.
తన ఒంటికి కూడా వర్తిస్తుందని అనుకోలేదంతే.

చెప్పడం మొదలుపెట్టాను,
ఎండుపుల్లతో నేల గీకుతూ, వాడి వైపు చూడకుండా.
గొంతు సంగతి, మొటిమల సంగతి,
చెమట వాసన మారే సంగతి,
ఎందుకో తెలియకుండా అమ్మ మీద కసురుకుని
తర్వాత గొడ్ల చావిట్లో ఒక్కడే కూర్చునే సంగతి.
అది కూడానా అన్నట్టు తలెత్తాడు.
ఇంకా చెప్పాల్సినవి ఉన్నాయి,
అక్కడికొచ్చేసరికి నా గొంతే కీచుమంది.
ఇద్దరం పడీపడీ నవ్వాం.
పొయ్యి దగ్గర పడుకున్న కుక్క లేచి
మమ్మల్ని చూసి మళ్ళీ పడుకుంది.

నవ్వాగినాక అడిగాడు:
"అక్కకి కూడా ఇట్టాగే ఉండిందా?"

కట్టెల మీద కప్పిన ఫ్లెక్సీ
గాలికి టపటపలాడింది.
కిందటేడు మాఘంలో వేయించిందే అది.
పదడుగుల పొడుగు, చుట్టూ బంధువుల మొహాలు,
మధ్యలో పట్టుచీరలో మా లహరి.
టంగుటూరు సెంటర్లో నాలుగు రోజులు వేలాడింది.
పిల్ల బడికి పోయే దారి అదే.
భోజనాలు పెట్టాం, మైకు పెట్టాం,
వీధి వీధికీ చిమ్మిలి పంచాం.
నీకు భయమేసిందా అమ్మా అని
ఒక్కరం అడగలా.

ఈ సీజను మొదట్లో, మంచుకి కట్టెలు తడుస్తాయని
నేనే తెచ్చి కప్పాను, బొమ్మ పైకి.
నాలుగో రోజు చూస్తే తెల్లవైపు పైనుంది.
గాలికి తిరగబడిందనుకున్నా.

"గాలి కాదు నాన్నా, అక్క.
రాళ్ళు నేనే ఎత్తి పెట్టా."

చాలాసేపు పొయ్యిలోకి చూస్తూ కూర్చున్నాను.
తలెత్తేసరికి తొంభై ఏడు చూపిస్తోంది,
గబగబా మొద్దు వెనక్కి లాగాను.

తెల్లారితే లహరి టీ ఫ్లాస్కు తెస్తుంది.
వాడితో అయితే చీకట్లో మాట్లాడాను,
ఆ పిల్లతో వెలుగులో మాట్లాడాలి.
ఎక్కడ మొదలుపెట్టను, అన్నాను పైకే.
"ముందు దాన్ని తీసెయ్" అన్నాడు.
"కట్టెలు తడుస్తాయిరా."
"తడిస్తే తడవనీ నాన్నా, ఎండలో ఆరబెడతా."
మాట మధ్యలో గొంతు చీలింది.
వాడు ఆగలా.